నీలం డబ్బాలో ఎర్ర పట్టు

కంప్యూటర్ మీద చీరల డిజైన్లు వేయడం నేర్చుకుంటున్న పిల్లలు అప్పుడప్పుడు పెనుకొండలో మా ఇంటికి వస్తుంటారు. కూర్చోగానే అందరూ అడిగేది ఒకటే: "ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవల్ల సార్?" నేను వాడిన సాఫ్ట్‌వేర్ పేరు చెబితే వాళ్ళు నవ్వుతారు. అది నేర్చుకున్న కంప్యూటర్ బరువెంతో చెబితే ఇంకా నవ్వుతారు. నవ్వనీండి. నాకు తెలిసిన పనిలో సాఫ్ట్‌వేర్ వాటా చాలా తక్కువ. ఆ మాట ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే ఓపిక పోయింది కాబట్టి ఇలా రాసి పెడుతున్నాను.

నా పేరు బాషా. ధర్మవరంలో ఒకే షావుకారు దగ్గర పట్టుచీరల డిజైనర్‌గా చేరి, అక్కడే రిటైరయ్యాను. జీతం ఎప్పుడు పెరిగింది, ఎంత పెరిగింది అనే కథ ఇక్కడ ఉండదు. నేను చేసిన తప్పులుంటాయి, ఒక మనిషి ఉంటాడు. ఆ మనిషి పేరు ఓబులేసు.

గళ్ళ పని

ముందు పనేమిటో చెబుతాను. షావుకారు ఒక బొమ్మ తెచ్చి ఇస్తాడు: నెమలో, మామిడి పిందెలో, రథమో. దాన్ని గళ్ళ కాగితం మీదికి ఎక్కించాలి. ఏ గడిలో పోగు పైకి లేవాలో, ఏ గడిలో లేవకూడదో నేను గుర్తు పెడితే, దాన్ని బట్టి అట్టలకు రంధ్రాలు కొడతారు. ఆ అట్టల దండ మగ్గం మీదున్న జకార్డ్ పెట్టెలో తిరుగుతూ పోగుల్ని లేపుతుంది. అంతవరకు యంత్రం చూసుకుంటుంది. కానీ బుటాలో, అంటే చీర మీద నేసే పువ్వు బొమ్మలో, రంగులుంటే, ఏ వరసలో ఏ రంగు పట్టు తోయాలో యంత్రానికి తెలియదు. అది నేసేవాడు చూసుకోవాలి. అందుకోసం రంగుల షీటు ఒకటి విడిగా ఇస్తాం. అతను దాన్ని కంటి ఎదురుగా వేలాడదీసుకుని, వరసకొకసారి చూస్తూ, కావలసిన రంగు కండె అందుకుని నేస్తాడు. కండె అంటే పట్టు చుట్టిన చిన్న పుల్ల. వాటిని చుట్టి అందించేది సాధారణంగా ఇంట్లో ఆడవాళ్ళు.

చీర కొన్న ఆమె మన డిజైన్‌ను పెళ్ళి రోజు చూసుకుని మురిసిపోతుంది. నేసేవాడు దాన్ని రోజుల తరబడి చూస్తాడు, నడుము పట్టేదాకా చూస్తాడు. మన షీటు చదవలేక అతను ఇబ్బంది పడితే ఆ డిజైన్ ఎంత అందంగా ఉన్నా చెత్తే. ఈ సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది.

చేత్తో వేసిన రోజుల్లో నేను షీట్లకు రంగులు పూసేవాణ్ణి కాదు. బద్ధకమే కారణం. పెన్సిల్‌తో గుర్తులు పెట్టేవాణ్ణి: ఎరుపుకు ఇంటూ గుర్తు, ఆకుపచ్చకు చుక్క, పసుపుకు సున్న, నీలానికి అడ్డగీత. ధర్మవరంలో మా షావుకారి మగ్గాలన్నీ ఆ గుర్తుల మీదే నడిచాయి.

హిందూపురం చదువు

తొంభైలు ముగుస్తుండగా మా షావుకారు రాజశేఖరప్పకు కంప్యూటర్ మీద మనసు పడింది. బెంగళూరులో ఎవరో చూపించారట. "బాషా, హిందూపురం పోయి నేర్చుకోనిరాపో. రైలు చార్జీ నేనిస్తా" అన్నాడు. నేను కొన్ని నెలలు పొద్దున రైలెక్కి హిందూపురం పోయి, నాకంటే పదిహేనేళ్ళు చిన్నవాడైన సారు ముందు బుద్ధిగా కూర్చున్నాను. మౌసు ఒకవైపు తోస్తే బాణం ఇంకోవైపు పోయేది. కుంచె పట్టిన చెయ్యి అని చెప్పుకోవడానికి సిగ్గుగా ఉండేది.

నేర్చుకుని వచ్చాక ధర్మవరంలో కంప్యూటర్‌కు ఒక గది ఇచ్చారు. తలుపుకు తెర, లోపల ఊదొత్తి, చెప్పులు బయటే. షావుకారు చుట్టాలను తీసుకొచ్చి చూపించేవాడు. రంగుల ప్రింటర్ నుంచి మొదటి షీటు బయటికి వచ్చిన రోజు నా కళ్ళు నెత్తికెక్కాయి. చిలక నిజంగా పచ్చగా, ముక్కు నిజంగా ఎర్రగా ఉంది! ఇక పెన్సిల్ గుర్తులన్నీ తీసేశాను. రంగే కనబడుతుంటే గుర్తు ఎందుకు అనుకున్నాను. నా ఉద్యోగంలో అంతకంటే తెలివి తక్కువ నిర్ణయం నేను తీసుకోలేదు. అందరూ మెచ్చుకోవడంతో అది తప్పని తెలియడానికి చాలా నెలలు పట్టింది.

తిరగబడిన చిలకలు

ఓబులేసు మా షావుకారి నేతగాళ్ళలో మొదటివాడు. నలభై దాటిన మనిషి, మాట తక్కువ. అతను నేసిన చీర అంచు గీత గీసినట్టుండేది. కష్టమైన డిజైన్ ఏది వచ్చినా షావుకారి నోటి నుంచి ముందు అతని పేరే వచ్చేది. అందుకే మామిడి కొమ్మ మీద చిలకలున్న పెళ్ళి చీర వచ్చినప్పుడు నా కొత్త రంగుల షీటు నేరుగా అతని ఇంటికే వెళ్ళింది.

చీర నేసి తెచ్చాడు. షావుకారి కొట్టులో గద్దె మీద పరిచాం. సగం దాకా బంగారంలా ఉంది, ఒక్క తప్పు లేదు. అక్కడి నుంచి చూస్తే చిలకలు ఎర్రగా ఉన్నాయి, ముక్కులు పచ్చగా ఉన్నాయి! ఒక వరసలో సగం చిలక పచ్చ, సగం ఎరుపు. తోకలు ఒక రంగు, తలకాయలు ఇంకో రంగు. రాజశేఖరప్ప వంగి ఒక్కో చిలకనూ వేలితో లెక్కపెట్టాడు. 

అప్పుడు నేను నోరు తెరిచాను. "తాగి నేసినట్టుండాడు సావుకారూ."

ఓబులేసు తాగడు. ఆ సంగతి నాకు తెలుసు, షావుకారికి తెలుసు, ఆ వీధి మొత్తానికి తెలుసు. అయినా ఆ మాట అన్నాను. నా మెరిసే షీటులో తప్పుండే అవకాశమే లేదనుకున్నాను కాబట్టి తప్పు మనిషిదే కావాలి. ఓబులేసు తల వంచుకుని "తప్పైపోయింది" అన్నాడు, అంతే.

"ఇంకొక్క చీర ఇస్తా. అదీ ఇట్లే వస్తే పెట్టె దింపిచ్చేస్తా. సాదా చీరలు నేసుకుందువు" అన్నాడు షావుకారు.

కొత్త పిల్లలకు ఈ మాట బరువు తెలియదు. మగ్గం నేతగాడిదే, కానీ దాని మీది జకార్డ్ పెట్టె, అట్టలు షావుకారివి. పెట్టె దింపడమంటే ఇక నీ చేతికి పువ్వు లేదు, పిట్ట లేదు అని వీధి వీధంతా తెలిసేలా చెప్పడమే. ఇద్దరు మనుషులు వచ్చి, పట్టపగలు, ఆ పెట్టెను తాళ్ళతో దింపి బండి మీద పెట్టుకుపోతారు. ఇరవై ఏళ్ళు నేసినవాడికి అంతకంటే అవమానం ఏముంటుంది?

గంగమ్మ చెప్పులు

రెండు రోజుల తరువాత ఓబులేసు భార్య గంగమ్మ నా కంప్యూటర్ గదిలోకి చెప్పులతోనే వచ్చేసింది. ఊదొత్తి, తెర, ఏదీ ఆమెకు కనబడలేదు.

"నా మొగుడు తాగినాడని నువ్వేనంట చెప్పింది?"

నేను మౌసు వదిలి లేచి నిలబడ్డాను.

"ఇను బాషా. నేను మా అమ్మకు జబ్బుచేస్తే చిలమత్తూరుకు పోయినా. పది దినాలు. ఆ పది దినాల్లోనే ఇది జరిగిండాది. ఎందుకో తెలుసునా నీకు? ఆయప్పకు ఎరుపూ పచ్చా ఒకటే. పుట్టినప్పట్నుంచి అంతే. పెండ్లైన కొత్తలో తోటలో పండు మిరపకాయలు కోసుకురమ్మంటే సగం పచ్చివి తెచ్చినాడు. ఎగతాళి చేస్తాండాడేమో అనుకున్యా. ఆ రాత్రి ఏడ్చి చెప్పినాడు."

"మరి ఇన్నేండ్లు ఎట్ల నేసినాడక్కా?"

"నీ పెన్సిలు గుర్తులుండె గదా! చుక్క చూసి నేసె, ఇంటూ చూసి నేసె. ఎర్ర కండెలు ఎడమ పక్క, పచ్చవి కుడి పక్క నేను పెట్టేదాన్ని. ఒక్క పోగు తప్పిందా ఎప్పుడన్నా? నువ్వు ఆ రంగు కాగితాలు పంపిస్తివి చూడు, అప్పట్నుంచి నేను పక్కన కూర్చోని వరస వరసా చెప్పల్ల. నేను ఊరికి పోతానే మా ఆడబిడ్డ ఇల్లు సర్దుతా కండెలన్నీ ఒకే గంపలో ఏసింది. ఇంగ ఆయప్ప ఏం చేస్తాడు? అడిగితే గుట్టు తెలిసిపోతాది. ఏదో అందాజుకు లెక్కేసుకోని నేసినాడు."

 ఒక మంచి నేతగాణ్ణి నా ప్రింటర్ గుడ్డివాణ్ణి చేసింది, ఆపైన నేను తాగుబోతును చేశాను. ఆ రోజే షావుకారి దగ్గరికి పోయి, "ఓబులేసు తాగలేదు, నేను నోరుజారినా" అని ఒప్పుకున్నాను. "అయితే ఏమాయె మరి?" అని ఆయన అడిగితే చెప్పలేదు. చెప్పవలసింది ఓబులేసు, నేను కాదు. తరువాతి చీర మొదలుపెట్టడానికి మాత్రం నెల రోజులు గడువు అడిగి తీసుకున్నాను.

కనబడకపోతే వెలుగు పెంచడం

మొదట నేను చేసింది మీరూ చేస్తారు, అందుకే చెబుతున్నాను. ఎరుపును ఇంకా ఎర్రగా, పచ్చను ఇంకా పచ్చగా చేసి ప్రింటు తీశాను. చెవిటివాడి దగ్గర అరిచినట్టు. నా కళ్ళు జిగేలుమన్నాయి. ఓబులేసు షీటును అటూ ఇటూ తిప్పి, "మంచి కాగితమన్నా" అన్నాడు. పాపం, నన్ను నొప్పించడం ఇష్టం లేక.

రెండోసారి ప్రింటు మీద పెన్నుతో పాత గుర్తులే పెట్టి, నాలుగు వరసలు నేసి చూడమని ఇచ్చాను. చదవగలిగాడు. కానీ కంప్యూటర్ వచ్చాక డిజైన్లు చిక్కబడ్డాయి. గళ్ళు నువ్వుగింజలంత అయ్యాయి, రంగులు నాలుగు నుంచి ఎనిమిదికి పెరిగాయి. కళ్ళు చికిలించి చూడవలసి వచ్చేది. అది కూడా భరించేవాడే. అతన్ని బాధ పెట్టింది ఇంకొకటి. ఒకరోజు నేసేవాడు కాళ్ళు పెట్టుకునే మగ్గం గుంతలోంచి తలెత్తి మెల్లగా అన్నాడు:

"గుర్తులు చూసి నేస్తా బాషన్నా, దానికేం. కానీ ఏం నేస్తాండానో నాగ్గూడా కనపడల్ల గదా. కొమ్మ మీద చిలకుండాదంటారు అందరూ. నాకు కొమ్మా, చిలకా, ఆకూ అంతా ఒకే ముద్ద. ఇరవై ఏండ్లుగా మంది చెప్తే నమ్ముతాండా."

ఆ మాటతో నా పని మారిపోయింది. అప్పటిదాకా తప్పు రాకుండా చూసుకోవాలనుకున్నాను. ఇప్పుడు ఇతనికి చిలకను చూపించాలని పంతం పట్టాను.

డాక్టరు, మా నాయన

ఇద్దరం హిందూపురంలో కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాం. ఆయన చుక్కల బొమ్మలున్న పుస్తకం తీశాడు. చుక్కల మధ్యలో అంకెలుంటాయి. నేను గడగడా చదువుతున్నాను, ఓబులేసుకు చుక్కలు తప్ప ఏమీ లేవు. తిరగేసిన ప్రతి పేజీకీ అతని మొహం చిన్నబోయింది.

"మందు లేదు. జబ్బూ కాదు. చూపు బాగానే ఉంది. ఎరుపు, ఆకుపచ్చ, గోధుమ ఈయనకు దగ్గర దగ్గరగా ఉంటాయి. నీలం, పసుపు మాత్రం మనలాగే తెలుస్తాయి" అన్నాడు డాక్టరు.

"మగ్గం మీద కూర్చోవచ్చునా సార్?" అన్నాడు ఓబులేసు.

"ఎందుకు కూర్చోకూడదు? కళ్ళు ఒప్పుకోకపోతే బొమ్మను ఒప్పించండి" అని నా వైపు చూశాడు డాక్టరు.

తిరుగు రైల్లో పెనుకొండలో దిగాం. మా నాయన దుకాణాల బోర్డులు రాసేవాడు. ఆ రోజు బట్టల కొట్టు బోర్డు రాస్తున్నాడు. సంగతంతా విని కుంచె పక్కన పెట్టాడు.

"దీనికి డాక్టరు దాకా ఎందుకు పోతిరప్పా? కండ్లు సగం మూసుకోని ఆ బోర్డు చూడు."

చూశాను. ఎదురుగా గోడకు ఆనించిన పాత బోర్డు ఒకటి. ఎర్ర నేల మీద పచ్చ అక్షరాలు. కళ్ళు సగం మూయగానే అక్షరాలు మాయమయ్యాయి, అంతా ఒకే మసక. పక్కనున్న బోర్డు ముదురు నీలం మీద లేత పసుపు. కళ్ళు సగం మూసినా తెరిచినా ఒకటే, అక్షరం అక్షరం తెలుస్తోంది.

"రంగు ఏదైనా ఒకటి ముదురుండల్ల, ఒకటి లేతుండల్ల. అట్ల లేని బోర్డును బస్సులో పోయేటోడు చదవలేడు. నీ కంప్యూటర్ సారు ఇది చెప్పలేదా?"

చెప్పలేదు. పదో తరగతి కూడా గట్టెక్కని మా నాయన చెప్పాడు. ఇప్పటికీ ఏ డిజైన్ చూసినా నేను ముందు కళ్ళు సగం మూస్తాను. మీరు స్క్రీన్ మీద రంగంతా తీసేసి, నలుపు తెలుపులో ఒకసారి చూడండి. రెండు రంగులు ఒకే బూడిద రంగుగా మారితే, ఆ రెండూ ఎవరికో ఒకరికి కలిసిపోతాయని లెక్క.

తెర మీద చిలక

చీరల డిజైన్ ఫైలుకు ఒక సౌకర్యం ఉంది. వేల గళ్ళున్నా రంగులు ఎనిమిదే. ఆ ఎనిమిది రంగులకు తెర పక్కన ఎనిమిది చిన్న పెట్టెలుంటాయి. ఒక పెట్టెలో రంగు మారిస్తే, ఆ రంగున్న గళ్ళన్నీ ఒక్కసారిగా మారిపోతాయి. బొమ్మ మాత్రం చెక్కుచెదరదు. అసలు ఫైలు అలాగే ఉంచి, దానికి కాపీ తీసి, ఓబులేసును పక్కన కూర్చోబెట్టుకున్నాను. చెప్పులు విడిచి, తడబడుతూ వచ్చి కుర్చీ అంచు మీద కూర్చున్నాడు.

చిలక పచ్చను లేత పసుపు చేశాను. "ఆఁ, ఏదో లేస్తాండాది" అన్నాడు. ఆకులను ఇంకాస్త ముదురు పసుపు చేశాను. ఎరుపును ఏం చేయాలా అని ఆలోచించి, ఎరుపుకు దగ్గరగా ఉంటుందని ఊదా రంగు వేశాను. అతను తల అడ్డంగా ఊపాడు.

"ఇదీ, ఆ నీలం పువ్వూ ఒకటే గదన్నా?"

నాకు రెండూ ఎక్కడా పొంతన లేని రంగులు. ఊదాలో ఎరుపు పాలు అతని కంటికి ఆనదు, నీలం ఒక్కటే మిగులుతుంది. ఇది పుస్తకంలో చదివితే నాకు గుర్తుండేది కాదు. మళ్ళీ మొదలుపెట్టాను. ఎరుపు ఉన్నచోట ముదురు నీలం వేశాను. నీలం పువ్వులను దాదాపు తెలుపు చేశాను. కొమ్మను నలుపు చేశాను. ఒక్కొక్కటి మారుస్తున్నకొద్దీ అతను కుర్చీలో ముందుకు జరుగుతున్నాడు.

"ఆగన్నా!"

నేను మౌసు మీద నుంచి చెయ్యి తీశాను. అతను వేలు తెర మీద పెట్టి మెల్లగా గీశాడు. వీపు, తోక, తల, మెడ మీది గీత. ముక్కు దగ్గర వేలు ఆగింది.

"ముక్కుండాది!" అన్నాడు. "నేను నేసిన చిలకలకు ముక్కుండాది బాషన్నా! ఇన్నాళ్ళూ ఆకులో కలిసిపోయిండె."

పెద్దగా నవ్వాడు. అతను అంత గట్టిగా నవ్వడం నేను అంతకుముందు వినలేదు. పక్క గదిలో లెక్కలు రాసే గుమాస్తా తలుపు తెర తీసి చూశాడు. నాకూ నవ్వు ఆగలేదు. తెర మీద ఒక పసుపు చిలక, నీలం ముక్కుతో, ఎవరు చూసినా పిచ్చి పట్టిందనుకునే రంగుల్లో కూర్చుని ఉంది. నేను వేసిన డిజైన్లలో అంత అందమైనది ఇంకొకటి లేదు.

నీలం డబ్బా, పసుపు డబ్బా

షీటు కుదిరింది కానీ పట్టు ఎరుపూ పచ్చా రంగుల్లోనే ఉంటుంది కదా. మా నాయన దగ్గర ఖాళీ రంగు డబ్బాలు ఎనిమిది తెచ్చి, షీటులో ఏ రంగుందో అదే రంగు పూశాను. ఎర్ర పట్టు కండెలు నీలం డబ్బాలో, పచ్చ పట్టు కండెలు పసుపు డబ్బాలో. కండె పుల్లల చివర్లకూ అవే రంగులు అంటించాం, గంపలో కలిసినా తెలిసేలా.

గంగమ్మ డబ్బాలు చూసి నెత్తి కొట్టుకుంది. "నీలం డబ్బాలో ఎర్ర పట్టా? నాకే తిక్క పడ్తాండాది. ఇన్నాళ్ళు ఆయప్పకు కష్టం, ఇప్పుడు నాకు!" ఆమె కోసం ప్రతి డబ్బా మూతకు లోపలివైపు అసలు పట్టు పోగు ఒకటి అంటించాను. డబ్బా బయటి రంగు ఆయనకు, లోపలి పోగు ఆమెకు. మూడు రోజుల్లో ఇద్దరికీ అలవాటైపోయింది. ఎదురింటి వాళ్ళకు మాత్రం ఎప్పటికీ అర్థం కాలేదు.

షావుకారి పరీక్ష

రెండో చీర మొదలుపెట్టే రోజు ఓబులేసు తనే షావుకారి దగ్గరికి పోయి చెప్పేశాడు. నేను పక్కనే ఉన్నాను. "నాకు ఎరుపూ పచ్చా తెలీదు సావుకారూ. చిన్నప్పట్నుంచి. గుట్టుగా నెట్టుకొచ్చినా. ఇప్పుడు బాషన్న నాకోసరం వేరే షీటు చేసినాడు. వచ్చి చూడు. తప్పొస్తే నువ్వే పెట్టె దింపుకోనిపో."

రాజశేఖరప్ప వచ్చాడు. ఆయన మంచివాడని నేను అనను, చెడ్డవాడనీ అనను. సరుకు మీద అనుమానం వస్తే కన్నతండ్రినైనా నమ్మని రకం. గంగమ్మను పక్కింటికి పంపేశాడు. నన్ను వీధిలో నిలబెట్టాడు. మగ్గం పక్కన పీట వేసుకుని, వేలాడుతున్న షీటు చూసి, "ఏందప్పా ఇది, పసుపు చిలక!" అని గొణగడం నాకు వినబడింది. తరువాత మగ్గం చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

పొద్దున కూర్చున్నవాళ్ళు భోజనం వేళకూ లేవలేదు. నేను ఎండలో నిలబడి ఒక్కో దెబ్బా వింటున్నాను. మధ్యలో మగ్గం ఆగినప్పుడల్లా గడప దాకా పోయి వెనక్కి వచ్చేవాణ్ణి. పక్కింటి గడపలో గంగమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. ఆయప్పకు ఏమైనా అయితే నీ సంగతి చూస్తానన్నట్టు మధ్యమధ్యలో నావైపు ఒక చూపు విసురుతోంది.

చివరికి రాజశేఖరప్ప బయటికి వచ్చాడు. పంచె దులుపుకున్నాడు. "రెండు వరసల చిలకలు. ఒక్క పోగు తప్పలే" అన్నాడు. వెనక్కి తిరిగి లోపలికి కేకేశాడు: "ఇన్నేండ్లు నాకెందుకు చెప్పలేదురా?"

"చెప్తే పెట్టె దింపుతావని" అన్నాడు ఓబులేసు గుంతలోంచి.

షావుకారు గడప అవతలి నుంచే పెట్టె వైపు చూశాడు. "దింపేటోణ్ణే. ఆడనే ఉండనీలే" అని చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. గంగమ్మ ఆయన వీధి మలుపు తిరిగేదాకా ఆగి, లోపలికి పరుగెత్తింది.

ఆ చీర అనుకున్న రోజుకు నాలుగు రోజుల ముందే మగ్గం దిగింది. చిలకలన్నీ పచ్చగా, ముక్కులన్నీ ఎర్రగా.

బామ్మర్దుల వరస

ఆ తరువాత ప్రతి డిజైన్‌కూ రెండు ఫైళ్ళు చేసేవాణ్ణి. రెండోదానికి పేరు చివర 'ఓబులేసు' అని ఉండేది. నెల తిరగకముందే ఇంకో నేతగాడు గది బయట నిలబడి, "ఆ రెండో రకం షీటు ఒకటి కావల్ల, మా బామ్మర్దికి" అన్నాడు. తరువాత ఇంకొకడు, అతనికీ బామ్మర్దే. మడకశిర నుంచి వచ్చి స్థిరపడినతను సగం కన్నడం, సగం తెలుగులో చాలాసేపు తిరగేసి మరగేసి చివరికి బామ్మర్ది దగ్గరికే వచ్చాడు. ధర్మవరంలో ఇంతమంది బామ్మర్దులున్నారని నాకు అప్పుడే తెలిసింది. నేనెవరినీ ఏమీ అడగలేదు. పక్కన కూర్చోబెట్టుకుని, వాళ్ళ బామ్మర్దికి ఏది కనబడుతుందో వాళ్ళనే అడిగి రంగులు మార్చాను. ఎందుకంటే ఒకరికి కుదిరింది ఇంకొకరికి కుదరలేదు. ఒకతనికి పచ్చ కొంచెం తెలుస్తుంది, ఇంకొకతనికి ఎరుపు నల్లగా కనిపిస్తుంది. ఇప్పటి సాఫ్ట్‌వేర్‌లో ఒక బటన్ నొక్కితే అన్నీ మారిపోతాయంటున్నారు. నొక్కండి. నొక్కాక ఆ మనిషిని పిలిచి చూపించండి. అతను ఔనన్న తరువాతే ప్రింటు తీయండి.

మెహందీ పచ్చ

ఇదంతా జరిగిన కొన్నేళ్ళకు, బెంగళూరు పెళ్ళివారు ఒకే రకం చీరలు ఇంటిల్లిపాదికీ కావాలన్నారు. ఒళ్ళంతా మెహందీ పచ్చ. అంటే ఆకుపచ్చలో గోధుమ కలిసిన రంగు. షావుకారికి అది చాలా పెద్ద ఆర్డరు. అద్దకం మేస్త్రి రెండు విడతలుగా పట్టు అద్ది తెచ్చాడు. కొట్టులో ట్యూబులైటు కింద అందరం చూశాం. రెండు విడతలూ ఒక్కటే రంగు, ఎక్కడా తేడా లేదు. షావుకారు సరేనన్నాడు. పట్టు పంచడానికి నేతగాళ్ళను పిలిచారు.

ఓబులేసు తన వంతు పట్టు చేతిలోకి తీసుకుని, రెండు విడతల్లోంచి ఒక్కో చిలపను, అంటే పట్టు పోగుల కట్టను, పక్కపక్కన పట్టుకున్నాడు. అక్కడే నిలబడిపోయాడు.

"ఇది వేరే, ఇది వేరే సావుకారూ. రెండూ కలిపి నేస్తే చీరలో పట్టీ పడ్తాది."

 నేను దగ్గరికి పోయి చూశాను, కళ్ళు సగం మూసి కూడా చూశాను. నాకు ఏమీ తెలియలేదు. మేస్త్రికి మండింది.

"ఎరుపూ పచ్చా తెలీనోడు నాకు రంగు చెప్తాండాడా? అయితే చెప్పప్పా, ఏది ఏ రంగు?"

"ఏ రంగో నాకు తెలీదన్నా" అన్నాడు ఓబులేసు, గొంతు ఏమాత్రం పెంచకుండా. "రెండూ ఒకటి కాదని మాత్రం తెలుసు."

అందరూ షావుకారి వైపు చూశారు.  ఇతను పొరపాటు పడితే ఇన్నేళ్ళ మా కష్టమంతా ఈ ఒక్క మాటతో గంగలో కలుస్తుంది. రాజశేఖరప్ప లేచి, రెండు చిలపలూ అందుకుని, వీధిలోకి నడిచాడు. మిట్టమధ్యాహ్నపు ఎండ. రెండు చేతుల్లో రెండూ పైకెత్తి పట్టుకున్నాడు.

అప్పుడు కనబడింది మాకు. ఎడమ చేతిలోది ఆకుపచ్చ వైపు ఉంది, కుడి చేతిలోది ఇటుక రంగు వైపు ఒరిగింది. తేడా కొంచెమే; రంగు పేరుతో పని లేక, పోగును పోగుతో పోల్చి బతికిన కంటికి అది ట్యూబులైటు కిందే చిక్కింది. కానీ పెళ్ళి పందిట్లో, పగటి వెలుగులో, చీర మధ్యలో పట్టీ పడితే గుడ్డివాడికైనా తెలుస్తుంది. మేస్త్రి మొహం పాలిపోయింది. ఒక రంగుపొడి అయిపోతే, దానికి బదులు ఇంకొకటి కలిపానని అక్కడే ఒప్పుకున్నాడు.  నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి, దాచుకోలేదు.

రాజశేఖరప్ప పట్టును మేస్త్రి చేతిలో పెట్టాడు.

"మళ్ళా అద్దకపో. ఈ సారి తెచ్చినప్పుడు నా దగ్గరికి రావద్దు" అన్నాడు. "నేరుగా ఓబులేసు ఇంటికి పో. ఆయప్ప సరే అంటేనే ఈ గడప ఎక్కు."